ఏరి పక్కన పెట్టడానికి లేకుండా

మా అమ్మాయికి జీడిపప్పు పడదు. పడదంటే కడుపులో నొప్పి, రెండు వాంతులు అని కాదు. తింటే గొంతు మూసుకుపోతుంది, ఊపిరి ఆడదు. ఈ ముక్క ఇంత సూటిగా చెప్పడం నాకు ఈమధ్యనే అలవాటైంది. అంతకుముందు నాలుగేళ్ల పాటు ఈ మాటని ఎన్ని రకాలుగా నసిగానో, ఎంతమంది దగ్గర మింగేశానో తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నేను పుట్టింది పలాసలో. మా వీధిలో పొద్దున తలుపు తీస్తే ముందు వచ్చేది జీడిపిక్కలు కాలుతున్న వాసన, ఆ తర్వాతే వెలుగు. మా అమ్మ ముప్పై ఏళ్లు షెడ్డులో పీట మీద కూర్చుని ఆ పప్పు మీద పొట్టు ఒలిచింది. అంతకుముందు కొన్నాళ్లు పిక్కలు కొట్టే పని చేసింది. పిక్క పగిలినప్పుడు కారే జీడినూనె ఎక్కడ తగిలితే అక్కడ చర్మం బొబ్బలెక్కి ఊడొస్తుంది. వేళ్లు మండి అన్నం కలపలేక అమ్మ నాకు చెంచాతో పెట్టిన రోజులు గుర్తున్నాయి. నా ఫీజులు, నా పుస్తకాలు, ఇవాళ నేను ఎచ్చెర్ల వెళ్లి ఆఫీసులో ఫ్యాను కింద కూర్చోవడం, అన్నీ ఆ వేళ్ల పుణ్యమే.

ఆ షెడ్డు ఆడవాళ్లకి ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం ఇంటికి వెళ్లేముందు గేటు దగ్గర కొంగు దులిపి చూపించాలి. ఒక్క పప్పు రాలినా పని పోతుంది. పని కంటే ముందు పరువు పోతుంది. అందుకని వాళ్లు బయట ఎక్కడ జీడిపప్పు కనబడినా నోట పెట్టేవాళ్లు కారు. పెళ్లిలో పాయసం వడ్డిస్తే అందులోని పప్పులు ఒక్కొక్కటీ ఏరి, విస్తరి అంచున వరసగా పెట్టి, నలుగురికీ కనబడేలా వదిలేసి లేచేవారు. ఇది ఈ రుచి ఎక్కడ మరిగిందో అని ఎవరూ అనకూడదు. మా అమ్మ విస్తరి అంచున ఆ వరస మరీ తిన్నగా ఉండేది. పని మానేసి ఇన్నేళ్లయినా ఇప్పటికీ ఏరుతుంది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది ఈ అలవాటు మూలంగానే జరిగింది.

మా అమ్మాయికి అయిదేళ్లప్పుడు ఎవరో చుట్టాలు జీడిపప్పు పాకం ముక్క చేతిలో పెట్టారు. సగం కొరికింది. పది నిమిషాల్లో పెదాలు ఉబ్బి, కళ్లు మూసుకుపోయి, మొహం నా పిల్ల మొహం కాకుండా పోయింది. ఆస్పత్రిలో ఆ రోజుకి గండం గడిచింది. డాక్టరు నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పాడు. ఈసారి ఇంతకంటే తక్కువ తిన్నా ఇంతకంటే ఎక్కువ కావచ్చు, మందు దగ్గర లేకుండా గడప దాటొద్దు అని. మెడ విరిచి మందు తీయాల్సిన రెండు చిన్న గాజు ఆంప్యూళ్లు, రెండు సిరంజిలు రాసిచ్చాడు. ఎంతవరకు మందు తీసుకోవాలో సిరంజి మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీసి, తొడ మీద ఎక్కడ పొడవాలో చూపించాడు. మంచినీళ్లు నింపి బత్తాయి మీద నేర్చుకోమన్నాడు. నెలరోజులు రోజూ ఒక బత్తాయిని పొడిచాను. పొడిచిన బత్తాయిలన్నీ మా ఆయన తిన్నాడు, పాపం, ఒక్క మాట అనకుండా. ఆ సామగ్రిని నా పాత కళ్లజోడు డబ్బాలో పెట్టుకుని ఎక్కడికి వెళ్లినా మోస్తున్నాను.

అమ్మ మా దగ్గరే ఉంటుంది, శ్రీకాకుళంలో. డాక్టరు చెప్పింది ఆవిడకి చెబితే నమ్మలేదు. "ఆ పప్పు ఒలిసే నిన్ను పెంచినాను. అది నా మనవరాలికి యిసమేటి? డాటర్లు ఏటైనా సెప్తారు" అంది. ఆ పూట అన్నం ముట్టలేదు. వంటింట్లో ఒక్కతే కూర్చుని తన వేళ్లు తిప్పి తిప్పి చూసుకుంటుంటే నేను గుమ్మంలోంచి చూశాను. ఆ తర్వాత ఆవిడ ముందు నేను ఆ మాట ఎత్తలేదు. ఇంట్లోకి జీడిపప్పు రాకుండా చూసుకున్నాను, అంతే. బయటికి వెళ్లినప్పుడు "జీడిపప్పు వద్దండి" అనేసి ఊరుకునేదాన్ని. ఎందుకని అడిగితే "అరగదు" అనేదాన్ని. అమ్మ మొహం చిన్నబోకుండా ఉంటే చాలనుకున్నాను.

మా జిల్లాలో జీడిపప్పుని తప్పించుకు తిరగడం అంటే ఎంత భయమో అనుభవిస్తే కానీ తెలియదు. మర్యాద చేయాలంటే అదే. ఉప్మాలో ఉంటుంది, పులావులో ఉంటుంది, టమాటా కూరలో కనబడకుండా ఉంటుంది. పుట్టినరోజు పార్టీ అంటే నాకు రెండు రోజుల ముందు నుంచి నిద్ర ఉండదు. శ్రీకూర్మంలో పూజారిగారు పిల్ల చేతిలో చక్రపొంగలి పెడితే, కళ్లకద్దుకుని దాని చేతిలోంచి నా చేతిలోకి తీసుకుని నేనే తినేశాను. దేవుడి ప్రసాదాన్ని చూసి గుండె దడదడలాడిన తల్లిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. పిల్ల మాత్రం ఏడవలేదు, అడగలేదు. అలవాటైపోయింది దానికి. ఆ అలవాటు చూస్తే నాకు ఇంకా భయం వేసేది.

అలాంటి పిల్ల తొమ్మిదేళ్లప్పుడు మొదటిసారి ఒకటి అడిగింది. మా ఊళ్లో బట్టల దుకాణం పై అంతస్తులో కొత్తగా ఇటాలియన్ రెస్టారెంటు పెట్టారు. ఫోన్లో పాస్తా వీడియోలు చూసి చూసి అది కలలు కంటోంది. "ఇటలీలో జీడిపప్పు వెయ్యరమ్మా, నేను చూశాను" అంది. నేను కూడా చూశాను. ఒకటికి పదిసార్లు వెతికి చదివాను. మైదా, వెన్న, పాలు, టమాటా, చీజు, ఏవో ఆకులు. ఎక్కడా లేదు. మనవాళ్ల వంట కంటే ఆ దేశం వాళ్ల వంటే నా బిడ్డకి నయమనిపించింది. నా తెలివికి నేనే మురిసిపోయి ఒక రెండో శనివారం మధ్యాహ్నం సరే అన్నాను. మా ఆయన విశాఖలో పని చేస్తాడు, సాయంత్రానికి గానీ రాడు. అమ్మా, నేనూ, పిల్లా బయల్దేరాం. మెట్లెక్కుతూ కళ్లజోడు డబ్బా ఉందో లేదో బ్యాగులో రెండుసార్లు తడిమి చూసుకున్నాను.

లోపల చల్లగా ఉంది. బల్లల మీద ఎరుపు, తెలుపు గళ్ల గుడ్డలు, గోడ మీద ఒరిగిన గోపురం బొమ్మ. జనం లేరు. అమ్మ కుర్చీ అంచున కూర్చుని, "ఆ గుడి అలా ఒరిగిపోతన్నాదేటి, కట్టినోడికి కూలీ ఇచ్చీసినారా?" అని అడిగింది. పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. మెనూ తెచ్చినతన్ని నేను ముందే పట్టుకున్నాను. వైట్ సాస్ పాస్తాలో ఏమేం వేస్తారో వరసగా చెప్పమన్నాను. పాలు, మైదా, వెన్న, చీజు, మిరియాలు అని చెప్పాడు. జీడిపప్పు వేస్తారా అంటే, ఇందులో ఎవరు వేస్తారండీ అని నవ్వాడు.

ఆ మాటలు విని లోపలి నుంచి ఒకాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, తెల్ల టోపీ, ఏప్రన్. హోటలూ ఆయనదే, వంటా ఆయనదే. నన్ను కాదు, అమ్మని చూసి ఆగిపోయాడు.

"పెద్దమ్మా, నన్ను పోల్చినావా? షెడ్డు కాడ బస్తాలు మోసినోడిని. మా యమ్మా నువ్వూ ఒక పక్కనే కూకునీవోరు."

అమ్మ కళ్లు చికిలించి చూసింది. "ఒరే, నువ్వట్రా. మీ యమ్మ సద్దన్నంలోకి సేప పులుసు తెచ్చీది. సగం నానే తినీసీదాన్ని" అంది. ఆ నిమిషంలో అమ్మ కుర్చీ అంచు వదిలి వెనక్కి ఆనుకుని కూర్చుంది.

అతను గోవాలో పదేళ్లు హోటళ్లలో వంట చేశాడట. మనూరికి దగ్గరగా ఉండాలని వచ్చేశాడట. వాళ్లమ్మ పోయి మూడేళ్లయిందట. ఇవన్నీ నిలబడే చెప్పాడు, మధ్యలో ఒకసారి ఏప్రన్‌తో కళ్లు తుడుచుకున్నాడు. "ఈ పూట మీకు నాను సొయంగా సేస్తాను. కుర్రోళ్ల సేతికివ్వను" అన్నాడు.

అప్పుడు నేను చెప్పాను. "తమ్ముడూ, అన్నీ వెయ్యి కానీ జీడిపప్పు మాత్రం వద్దు."

అక్కడితో ఆగిపోయాను. దాని తర్వాత రావలసిన మాట గొంతు దాకా వచ్చింది. మా పిల్లకి పడదు, తింటే ప్రాణం మీదికి వస్తుంది. అంతే కదా, నాలుగు ముక్కలు. కానీ అమ్మ పక్కనే ఉంది. ఎన్నో ఏళ్ల తర్వాత తన షెడ్డు మనిషి ఎదురుపడితే మొహం విప్పారింది. ఆ ఇద్దరి మధ్య, ఆ పప్పు చేత బతికిన ఇద్దరి మధ్య, అది విషం అని చెప్పడానికి నోరు రాలేదు.

అతను అమ్మ వైపు చూసి నవ్వాడు. "తెలుసప్పా, తెలుసు. పెద్దమ్మ కూతురివి కదా, వద్దనే అంటావు" అన్నాడు, మావైపు అక్కని పిలిచినట్టే అప్పా అని. నేను ఆ "తెలుసు" విని ఊపిరి పీల్చుకున్నాను. అతనికి ఏం తెలుసో అడగలేదు.

వంట సంగతి చెప్పాలంటే మొదట వచ్చినదంతా నిరాశే. గార్లిక్ బ్రెడ్ అంటే అల్లం వెల్లుల్లి ముద్ద రాసి కాల్చిన బన్ను. పిజ్జా చూసి అమ్మ, "దిబ్బరొట్టి మీద టమాటా పచ్చడి ఏసినాడు" అంది. చీజు సాగడానికి బదులు తునిగి కింద పడింది. పిల్ల ఒక ముక్క తిని పక్కన పెట్టి, "ఫోన్లో ఇలా లేదమ్మా" అని నెమ్మదిగా అంది. అన్ని నెలలు ఎదురుచూసిన మొహం వాడిపోయింది. ఇంత భయపడి, ఇంత వెతికి తీసుకొస్తే దీనికి దొరికింది ఇదా అనిపించింది.

అప్పుడు పాస్తా వచ్చింది. వెడల్పు గిన్నెలో తెల్లగా, చిక్కగా, పైన మిరియాల పొడి. నేను చెంచాతో కలిపి అడుగు దాకా చూశాను. పప్పు ముక్క ఒక్కటి లేదు. పిల్ల ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆ తర్వాత తింటూనే ఉంది. బుగ్గకి సాసు అంటుకుంది. అమ్మ తన షెడ్డు కబుర్లు చెబుతోంది, నేను వింటున్నాను. బ్యాగు ఒళ్లోంచి తీసి పక్క కుర్చీలో పెట్టాను. నాలుగేళ్లలో మొదటిసారి, ఒక అయిదు నిమిషాలు నేను భయపడలేదు.

"నాకో సెంచా పెట్టవే" అని అమ్మ మనవరాలి గిన్నెలోంచి కొంచెం తీసుకుంది. నోట్లో పెట్టుకుని నమలకుండా ఉండిపోయింది. చెంచా మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. ముప్పై ఏళ్లు ముక్కు కింద పెట్టుకుని కూర్చున్న వాసన అది.

"ఇందులో పప్పున్నాదే" అంది.

నాకు అర్థం కాలేదు. కాలేదు అనడం అబద్ధం. అర్థం కాకూడదని ఒక క్షణం గట్టిగా పట్టుబట్టాను. గిన్నె లాక్కుని నాలుక మీద పెట్టుకున్నాను. చిక్కటి తీపి, వెన్న కాని కమ్మదనం. పెళ్లి కుర్మాల్లో తెలిసే రుచి. గిన్నెలో సగం మిగిలింది. సగం పిల్ల కడుపులో ఉంది.

సరిగ్గా అప్పుడే అతను వంటింట్లోంచి వచ్చాడు, మొహం నిండా సంతోషంతో.

"ఎలాగున్నాది పెద్దమ్మా? మా అప్ప పెళ్లిలో నువ్వు పాయసంలో పప్పు ఏరి ఆకు మీద వరసగా ఎట్టీసి లెగిసిపోనావు. మా యమ్మ ఎంత బాధపడిందో. ఇది నా హోటలు, ఇక్కడ నిన్ను అడిగీవోడు ఎవుడున్నాడు? అందుకే ఏరి పక్కన ఎట్టడానికి నేకుండా మెత్తగా నూరీసినాను. పలాస సరుకే, గుండు."

గుండు అంటే విరగని నిండు పప్పు, అన్నిటికంటే మేలురకం. అది నా బిడ్డకి ప్రేమగా నూరి పెట్టాడు.

"అమ్మా, నాలుక దురదగా ఉంది" అంది పిల్ల.

దాని గడ్డం పట్టుకుని ఎత్తి చూశాను. మెడ మీద అప్పటికే ఎర్రటి దద్దుర్లు లేస్తున్నాయి. నేను చూస్తుండగానే ఒకటి ఇంకోదానితో కలిసిపోయింది. పిల్ల దగ్గింది. మళ్లీ దగ్గింది. మూడోసారి దగ్గినప్పుడు ఆ గొంతు మారిపోయింది, లోపల ఏదో అడ్డం పడినట్టు. నన్ను చూస్తోంది. ఏడవడం లేదు. నేను ఏదో ఒకటి చేస్తానని నమ్మకంగా చూస్తోంది. ఆ చూపుని మించిన భయం నా జీవితంలో లేదు.

బ్యాగు కోసం ఒళ్లో తడుముకున్నాను, లేదు. పక్క కుర్చీలో పెట్టానని గుర్తొచ్చేసరికి ఎంతసేపయిందో తెలియదు, రెండు క్షణాలే అయి ఉంటుంది. డబ్బా తెరిచి ఆంప్యూల్ మెడ విరిచాను. బత్తాయిలను పొడిచాను కానీ ఆంప్యూల్ విరవడం ఎప్పుడూ చేసి చూడలేదు. రెండే ఉన్నాయి కదా అని దాచుకున్నాను. అది మెడ దగ్గర కాదు, నడుము దగ్గర పగిలింది. గాజు నా బొటనవేలిలో దిగింది, మందంతా గళ్ల గుడ్డ మీద ఒలికిపోయింది.

ఇంకొక్కటే ఉంది. దాన్ని పట్టుకుంటే నా వేళ్లు రక్తంతో జారిపోతున్నాయి. పిల్ల ఊపిరి పీలిస్తే ఈల వేసినట్టు చప్పుడు వస్తోంది. "తమ్ముడూ, ఆటో" అని అరిచాను. అతను కదల్లేదు, కొయ్యబారిపోయి నిలబడ్డాడు.

"ఇలగియ్యి" అంది అమ్మ.

నా చేతిలోంచి ఆంప్యూల్ తీసుకుంది. వెలుగుకి ఎత్తి ఒక్కసారి చూసింది. రెండు వేళ్ల మధ్య పట్టుకుని, బొటనవేలితో చిన్న నొక్కు నొక్కింది. టిక్కుమని మెడ ఊడొచ్చింది. చుక్క కింద పడలేదు. గుండు విరగకుండా పొట్టు తీయడం ముప్పై ఏళ్లు చేసిన వేళ్లు అవి. "ఊఁ, పొడువు" అంది, నిమ్మళంగా, షెడ్డులో కొత్తగా చేరిన పిల్లకి పని చెప్పినట్టు.

ఎర్ర గీత దాకా మందు లాగాను. అమ్మ పిల్లని ఒళ్లో అదిమి పట్టుకుంది. లెగ్గింగ్ మీద నుంచే తొడలో పొడిచి, మందంతా వెళ్లేదాకా పట్టుకున్నాను. బత్తాయి కాదు, నా పిల్ల. కెవ్వుమంది. ఆ కేక విని నాకు కొంచెం ప్రాణం వచ్చింది. అరవగలిగిందంటే గాలి లోపలికి వెళుతోందన్న మాట.

మెనూ తెచ్చినతను ఆపిన ఆటోలో దాన్ని పడుకోబెట్టుకుని ఊపిరులు లెక్కపెట్టాను. ఇరవై దాకా వచ్చేసరికి లెక్క తప్పేది, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేదాన్ని. అమ్మ పిల్ల పాదాలు పట్టుకుని కూర్చుంది. హోటలతను టోపీ, ఏప్రన్ అలాగే ఉండగా బైకు మీద మా ముందు వెళుతూ హారన్ మీద చెయ్యి తీయకుండా దారి చేశాడు. ఏడు రోడ్ల కూడలి దగ్గర బైకు అడ్డంగా పెట్టి నిలబడి బస్సుని ఆపేశాడు. ఆ దారి నేను రోజూ వెళ్లే దారే. అంత పొడుగు ఉంటుందని నాకు ఎప్పుడూ తెలియదు.

ఆస్పత్రిలో నర్సు నన్ను చూడగానే గాయం నాకే అనుకుంది. నా చీర నిండా బొటనవేలి రక్తం. డాక్టరు ఒక్కటే అడిగాడు, ఇంజెక్షన్ ఎన్ని గంటలకి ఇచ్చారు అని. చెప్పాను. రాసుకున్నాడు. ఆక్సిజన్ పెట్టారు, ఇంకో ఇంజెక్షన్ ఇచ్చారు, సెలైన్ ఎక్కించారు. దద్దుర్లు తగ్గడం మొదలైంది. ఈల చప్పుడు సన్నబడింది. తగ్గినట్టు కనబడినా మళ్లీ రావచ్చు, రేపటి దాకా ఇక్కడే ఉంచండి అన్నాడు. ఆ "మళ్లీ రావచ్చు" విన్నాక, తగ్గిందన్న ధైర్యం కూడా నాకు మిగల్లేదు. దాని ఛాతీ లేచి పడడం చూస్తూ మంచం పక్కన నిలబడిపోయాను.

హోటలతను వార్డు గుమ్మం దగ్గరే ఉన్నాడు, లోపలికి రాలేదు. నేను వెళ్లాను, తిట్టాలనే వెళ్లాను. నోట్లో మాటలు సిద్ధంగా ఉన్నాయి. అతను నా కాళ్ల వైపు చూస్తూ, "ఆ ముక్క సెప్పుంటే నాను ఆ డబ్బా మూతే తీయను కదప్పా" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, ఏడుస్తూ. నేను సిద్ధం చేసుకున్న తిట్లు ఒక్కటీ పనికి రాలేదు. అతను తెలిసి చేసింది లేదు. నేను తెలిసీ చెప్పలేదు. ఇంటికి వెళ్లు తమ్ముడూ అన్నాను. వెళ్లలేదు, బయట బెంచీ మీద కూర్చున్నాడు.

తిరిగి వచ్చేసరికి అమ్మ మంచానికి దూరంగా, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. పిల్ల మాస్కు కింద నుంచి "అమ్మమ్మా" అని పిలుస్తోంది. అమ్మ కదలడం లేదు.

"వెళ్లి దగ్గర కూర్చోమ్మా, పిలుస్తోంది కదా" అన్నాను.

"ముట్టుకోవచ్చేటి?" అంది. కొంగు కింద చేతులు ఇంకా లోపలికి ముడుచుకుంది. "ఈ సేతులు ముప్పై ఏళ్లు ఆ పప్పులోనే ఉన్నాయి. ఆటోలో కాళ్లు పట్టుకున్నాను. అంటుకుని ఉంటాదేటో."

నాకు అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. అమ్మ చేతులు కొంగులోంచి బయటికి లాగాను. బొబ్బల మచ్చలు, మొద్దుబారిన వేలికొసలు. "ఈ చేతుల్లో ఏమీ లేదమ్మా. నా చేతిలో మందు ఒలికిపోయింది, నీ చేతిలో నిలిచింది. అందుకే అది బతికింది" అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. "నా మొకం సూసే కదే నువ్వాడికి ఆ మాట సెప్పనేదు?"

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. నాలుగేళ్ల అలవాటు. కానీ మంచం మీద పిల్ల ఉంది, నా బొటనవేలికి కట్టు ఉంది. "అవునమ్మా" అన్నాను. "నీకు బాధ కలుగుతుందని చెప్పలేదు. ఆ పప్పు దానికి విషమేనమ్మా. తింటే పోతుంది. ఇవాళ పోయేదే."

నేను ఆ మాట ఆవిడ ముందు అనడం నాలుగేళ్లలో అదే మొదలు. అమ్మ చేతులు విడిపించుకుంది. నర్సు దగ్గరికి వెళ్లి సబ్బు అడిగింది. పంపు దగ్గర మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుంది. అక్కర్లేదని నేను రెండుసార్లు చెప్పాను, వినలేదు. తుడుచుకుని వచ్చి, మనవరాలి పక్కన కూర్చుని తల మీద చెయ్యి వేసింది. సాయంత్రం మా ఆయన వచ్చి నన్ను కాసేపు కూర్చోమన్నాడు, కానీ కూర్చుంటే భయం వేసింది.

మర్నాడు పొద్దున మాస్కు తీసేశారు. పిల్ల లేచి కూర్చుని ఆకలి అంది. పక్క మంచం దగ్గర ఒకామె ఉంది, తన కొడుకుకి జ్వరమని తీసుకొచ్చింది. మంచి మనిషి. మా పిల్లని చూసి ముచ్చటపడి, బిస్కెట్ ప్యాకెట్ విప్పి రెండు బిస్కెట్లు చేతిలో పెట్టబోయింది. నేను గబుక్కున లేచాను. "వద్దండి" అనబోతున్నాను, ఎప్పటిలాగే, నవ్వుతూ, మొహమాటంగా.

నాకంటే ముందు అమ్మ లేచింది. ఆమె చేతికి అడ్డంగా తన చెయ్యి పెట్టింది. వార్డంతా వినబడేలా చెప్పింది.

"ఆగమ్మా. నాను పలాస జీడి షెడ్డులో పని సేసినదాన్ని. నా మనవరాలు, ఈ గుంటకి జీడిపప్పు యిసం. తింటే సచ్చిపోతాది. ఆ పేకట్టు మీద ఏటి రాసున్నాదో నాకు సదువు రాదు. నువ్వు మొత్తం సదివి సెప్పు, అప్పుడు పెడుదుగాని."

ఆమె బిత్తరపోయి, ప్యాకెట్ వెనక్కి తిప్పి, కూడబలుక్కుంటూ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. అమ్మ చెయ్యి అడ్డం తీయకుండా నిలబడి చివరి దాకా వింది.